కుటుంబం వాటా

మా కాలేజీలో ఒక కమిటీ వేశారు. ఏడాదికో కమిటీ వేయకపోతే మా ప్రిన్సిపాల్ గారికి అన్నం సహించదు. ఈసారి కమిటీ పని, భవిష్యత్తులో ఉన్నత విద్యకు డబ్బు ఎక్కడినుంచి రావాలో అధ్యాపకుల అభిప్రాయాలు సేకరించి పైకి పంపడం. తలా ఒక ఫారం ఇచ్చారు. మొదటి పేజీలో నాలుగు గడులున్నాయి: ప్రభుత్వం వాటా, విద్యాసంస్థ వాటా, పరిశ్రమల వాటా, కుటుంబం వాటా. ఒక్కో గడిలో ఎంత శాతం ఉండాలో అంకె వేయాలి. రెండో పేజీలో కారణాలు రాయాలి. అడుగున చిన్న అక్షరాలతో, ఆధారాలుంటే జతచేయండి అని ఉంది.

మా తోటివాళ్లు టీ చల్లారేలోపు నింపి ఇచ్చేశారు. కిష్టారెడ్డిపేటలో కొత్తగా ఫ్లాటు కొనుక్కున్న ఒకాయన కుటుంబం వాటా సగానికి పైగా వేశాడు. ఊరికే ఇస్తే పిల్లలకు చదువు విలువ తెలియదట. ఇంకొకాయన పరిశ్రమల గడిలో పెద్ద అంకె వేశాడు. చుట్టూ ఇన్ని కంపెనీలు పెట్టుకుని మనం డబ్బు లేదని ఏడవడమేమిటని ఆయన వాదన. అంతకుముందు ఏడాదే ఒక కంపెనీ మా కాలేజీకి మంచినీళ్ల కూలర్ ఇచ్చింది. దాని ముందు రిబ్బను కట్టి, కత్తిరించి, ఫొటో దిగారు. అందరం నిలబడి చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను.

ఫారం మాత్రం నేను ఇంటికి తెచ్చుకున్నాను. పోతిరెడ్డిపల్లిలో అమ్మా నేనూ ఉండే కిరాయి ఇంట్లో, వారం రోజులు అది బల్ల మీదే పడి ఉంది. మూడు గడులు ఎలాగోలా నింపగలను. నాలుగోదాని దగ్గర పెన్ను కదల్లేదు. అందులో శాతం వేయాలి. నాకు తెలిసిన వాటా ఒక్కటే, అది మా నాయిన కట్టింది. ఆయన చేత కట్టించింది నేను. ఆ ముక్క అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

మాది గడ్డపోతారం పక్కన ఊరు. వాగు ఒడ్డున మాకు ఎకరన్నర పొలం ఉండేది. నేను ప్రైమరీ బడిలో ఉన్నప్పుడు ఆ వాగులో దిగి కాళ్లు కడుక్కుని బడికి పోయేదాన్ని. హైస్కూలుకు వచ్చేసరికి దానికి రోజుకో రంగు. ఒకనాడు టీ డికాక్షన్ రంగు, ఒకనాడు పసుపు. ఆ నీళ్లు పారిన మడిలో వరి ఏపుగానే ఎదిగేది, గింజ మాత్రం పట్టేది కాదు. మా నాయిన రెండు పంటలు చూశాడు. మూడోది వేయకుండా, ఆ నీళ్లు వదిలే కంపెనీల్లోనే ఒకదానికి పనికి పోయాడు. మా ఊళ్లో సగంమంది చేసిన పనే అది. ఎవరికీ అందులో వింత కనిపించలేదు, నాక్కూడా. మొదట కాంట్రాక్టరు కింద హెల్పరుగా ఉన్నాడు. నాలుగేళ్లకు పర్మినెంటు చేసి ఖాకీ చొక్కా ఇచ్చారు. ఆ చొక్కాను వేసుకోవడానికి మనసు రాక రెండు రోజులు దండెం మీదే ఉంచాడు.

మందుల్లోకి వెళ్లే ముడిసరుకు తయారుచేసే కంపెనీ అది. లోపల ఇద్దరు మనుషుల ఎత్తు స్టీలు పాత్రలుంటాయి, వాటిని రియాక్టర్లంటారు. ఒక సరుకు దించి ఇంకో సరుకు ఎక్కించే ముందు వాటిని కడగాలి. నీళ్లు కొట్టినా పోని పదార్థం గోడలకు అంటుకుని ఉంటుంది, దాన్ని గీకడానికి మనిషి దిగాలి. పైన మనిషి పట్టేంత రంధ్రం. నడుముకు తాడు, చేతిలో గీకుడు ఇనుము. పైన ఒకడు తాడు పట్టుకుని కూర్చుంటాడు. లోపలివాడు కాసేపటికోసారి తాడు గుంజాలి, బాగానే ఉన్నానని చెప్పడానికి. దీన్ని వాళ్లు లోపలి డ్యూటీ అనేవాళ్లు.

ఇష్టపడి దిగేవాడు ఎవడుంటాడు? అందుకని పనివాళ్లే వంతులు పెట్టుకున్నారు. అంతా నిన్నమొన్నటిదాకా వ్యవసాయం చేసినవాళ్లు. ఉమ్మడి బావి నీళ్లకు వంతులేసుకోవడం తెలిసినవాళ్లు. దీనికీ అట్లాగే వేసుకున్నారు. ఈ వారం ఒకరిది, పై వారం ఇంకొకరిది. నీళ్లు అక్కర్లేని రైతు తన వంతు పక్కవాడికి ఇచ్చినట్టే, దిగడం ఇష్టంలేనివాడు తన వంతు ఇంకొకడికి ఇవ్వొచ్చు. దానికిచ్చే ఎక్స్‌ట్రా డబ్బు దిగినవాడిదే. పైకి వచ్చాక కంపెనీ ఒక బెల్లం ముక్క, రెండు అరటిపండ్లు చేతిలో పెట్టేది. బెల్లం తింటే గొంతులో పడ్డ దుమ్ము కడుపులోకి జారి పోతుందని వాళ్లకు చెప్పారు. వాళ్లు నమ్మారు.

మా నాయిన ఆ బెల్లం తినేవాడు కాదు. టిఫిన్ డబ్బాలో వేసుకుని ఇంటికి తెచ్చి, చదువుకునే పిల్లకు బలం కావాలని నాకిచ్చేవాడు. అమ్మ గొణిగితే తన వాటా అక్కడే తిన్నానని అబద్ధమాడేవాడు. నేను ఇంటర్ అయ్యేదాకా ఆ బెల్లం తిన్నాను. దానికి ఒక వాసన ఉండేది, ఆయన చొక్కాకు ఉండే వాసనే. నాకది ఇష్టంగా కూడా ఉండేది.

తొంభైల మొదట్లో నాకు నగరంలో ఒక ప్రైవేటు కాలేజీలో బి.ఫార్మసీ సీటు వచ్చింది. ఫ్రీ సీటు. ఆ మాట విని మా వీధివాళ్లు పైసా ఖర్చు లేదనుకున్నారు. ఫీజు తక్కువన్న మాటేగానీ, హాస్టలుంది, మెస్సుంది, ల్యాబులో ఏది పగిలినా మన లెక్కలోనే పడుతుంది, ఒక్కో పుస్తకం ఇంటి కిరాయి అంత ఉంటుంది. ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్ వస్తే నేను చదవగలను, రాకపోతే లేదు. దాని గురించి మా ఇంట్లో రెండో అభిప్రాయం లేదు.

మొదటి ఏడు నాయిన ఊళ్లో అందరూ చేసినట్టే చేశాడు. మండలాఫీసుకు పోయి, వ్యవసాయ కూలీ అని ఆదాయం సర్టిఫికెట్ తెచ్చాడు. స్కాలర్‌షిప్ మంజూరైంది. కానీ ఆ డబ్బు చేతికందేది ఏడాది చివర. అప్పటిదాకా మెస్సువాళ్లు ఆగరు గదా. అందుకని నాయిన తన వంతుతో పాటు ఇంకో ఇద్దరి వంతులు తీసుకుని దిగడం మొదలుపెట్టాడు. ఆ సంగతి నాకు తెలుసు. నెలకోసారి ఊరికి వచ్చినప్పుడు ఆయన కళ్లు ఎర్రగా కనిపించేవి, వెల్డింగ్ మంట చూశానని చెప్పేవాడు.

ఆ ఏడాది చివర్లో, స్కాలర్‌షిప్ వచ్చినవాళ్ల జాబితా కాలేజీ నోటీసు బోర్డుకు అంటించారు. పేరు, తండ్రి పేరు, తండ్రి చేసే పని, ఆదాయం, అన్నీ వరసగా టైపు చేసి పెట్టారు. ఎవరి బీదతనం ఎంతో నిలబడి చదువుకోవచ్చు. నా రూములో ఉండే అమ్మాయి, బ్యాంకు ఆఫీసరు కూతురు, వేలు పెట్టి మరీ చదివింది. మీ నాన్న ఫ్యాక్టరీలో అన్నావు కదా, కూలీ అని ఉందేమిటని అడిగింది. ఆ పిల్ల వెటకారానికి అనలేదు, నిజంగానే తెలియక అడిగింది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. మా నాయినకు ఖాకీ చొక్కా ఉంది, గుర్తింపు కార్డు ఉంది, నెలనెలా జీతం చీటీ వస్తుంది. కూలీ ఏమిటి?

రెండో ఏడు రెన్యువల్ కోసం కొత్త సర్టిఫికెట్ అడిగారు. ఈసారి మండలాఫీసు వద్దు, కంపెనీ నుంచే తెస్తానని ఇంట్లో చెప్పాను. అబద్ధం రాయించుకుని చదవడం నాకిష్టం లేదని పెద్ద మాటలు మాట్లాడాను. అప్పుడు దాన్ని నిజాయితీ అనుకున్నాను. ఇప్పుడు ఆ మాట వాడడానికి నోరు రాదు. అది నోటీసు బోర్డు ముందు నాకు కలిగిన సిగ్గు, అంతే. నాయిన, పనిలోంచి ఆఫీసుకు రావడం కుదరదని, నన్నే పోయి తెచ్చుకోమన్నాడు.

సెలవుల్లో ఒక మధ్యాహ్నం కంపెనీ టైం ఆఫీసుకు పోయాను. అక్కడి గుమాస్తా మా పక్క ఊరాయనే, పెద్ద వయసు. నాయిన పేరు చెప్పగానే కుర్చీ చూపించాడు. రిజిస్టరు తీసి, కళ్లద్దాలు పెట్టుకుని, పెన్ను పట్టుకుని ఆగాడు.

"ఒట్టి జీతం రాయాల్నా బిడ్డా, ఎక్స్‌ట్రా కలిపి రాయాల్నా? స్కాలర్‌షిప్ అని వచ్చేటోళ్లు అందరు ఒట్టి జీతమే రాయించుకుంటరు."

"అంతా రాయండి సార్. ఆ ఎక్స్‌ట్రా ఏ పనికి ఇస్తున్నారో అది కూడా రాయండి."

కాలేజీ భాషలో, గట్టిగా చెప్పాను. ఆయన కళ్లద్దాల మీదుగా ఒక క్షణం చూశాడు. అది మెచ్చుకోలు అనుకుని నేను ఇంకా నిటారుగా కూర్చున్నాను. ఆయన హెచ్చరించాడని తెలుసుకునేంత తెలివి నాకు లేదు. మార్కులున్నాయిగానీ అది లేదు. టైపు చేసి, ముద్ర వేసి ఇచ్చాడు. కింద మొత్తం అంకె చూసి పొంగిపోయాను. ఆ అంకె నోటీసు బోర్డు మీద పడితే ఎవరూ వేలు పెట్టి చదవరు అనుకున్నాను.

ఆ అంకె నోటీసు బోర్డు దాకా పోనేలేదు. మూడు నెలల తరువాత జాబితా వస్తే అందులో నా పేరు లేదు. ఆఫీసులో అడిగితే ఫైలు తీసి చూపించారు. ఆదాయం పరిమితి దాటింది. ఎంత దాటిందో చూశాను. జీతం ఒక్కటే రాయించి ఉంటే పరిమితికి లోపలే ఉండేది. దాటించింది ఆ ఎక్స్‌ట్రా. నా చదువు కోసం మా నాయిన అదనంగా దిగిన వంతులే, నా చదువుకు రావాల్సిన డబ్బును ఆపాయి. కొత్త సర్టిఫికెట్ తెస్తానని బతిమాలాను. ఒకసారి ఫైలులో పడ్డ ఆదాయం తగ్గడం ఎక్కడా చూడలేదమ్మా అన్నాడు అక్కడి క్లర్కు. ఆయన తప్పు లేదు. రూలు అట్లా ఉంది. అదనంగా ఒళ్లు వంచినవాడు ఉన్నవాడి కింద లెక్క.

ఆ వారం ఊరికి పోయి నాయినకు సగమే చెప్పాను. స్కాలర్‌షిప్ రాలేదని చెప్పాను, ప్రభుత్వం పరిమితి మార్చిందని చెప్పాను. గుమాస్తా అడిగిన మాట, నేను చెప్పిన జవాబు మింగేశాను. నాయిన జొన్నరొట్టె తుంచుతూ విన్నాడు.

"పోతే పోనీ బిడ్డ. గవుర్మెంటు ఇచ్చేది ఇయ్యకపోతే నీ సదువు ఆగుతదా ఏంది."

ఆ నెలనుంచి ఇంకో ముగ్గురి వంతులు తీసుకున్నాడు. ఇక కంపెనీలో లోపలి డ్యూటీ అంటే దాదాపు ఆయనదే. మిగతావాళ్లకు అది మేలే కాబట్టి ఎవరూ వద్దనలేదు. కొందరు దారిలో కనబడితే మీ నాయిన చాలా కష్టపడుతుండు, మంచిగ సదువు అని నాతో అనేవాళ్లు. వాళ్ల వంతు కూడా ఆయనే దిగుతున్నాడని అనేవాళ్లు కాదు. వాళ్లను తప్పు పట్టే హక్కు నాకెక్కడిది?

మూడో ఏడు ఒకనాడు ల్యాబులో మా లెక్చరర్ ఒక సీసా చూపించింది. అందరినీ రెండడుగులు వెనక్కి జరగమని, గాలి బయటికి లాగే అరలో పెట్టి, గ్లౌజులు తొడుక్కుని మూత తీసింది. అంత దూరంలోనూ వాసన వచ్చింది. మా ఇంటి వాసన. దండెం మీది చొక్కా, టిఫిన్ డబ్బాలోని బెల్లం. ఆమె ఒక్కొక్కటే చెబుతూ పోయింది, దీన్ని ఎక్కువ పీలిస్తే కాలేయానికి ఏమవుతుంది, ఊపిరితిత్తులకు ఏమవుతుంది, మూసి ఉన్న చోట అయితే మనిషికి తెలియకుండానే స్పృహ ఎట్లా తప్పుతుంది. నేను మంచి దస్తూరీతో అన్నీ రాసుకున్నాను. ఆ ప్రశ్న పరీక్షలో వచ్చింది. బాగా రాశాను. మార్కులు కూడా బాగానే వచ్చాయి.

పరీక్షకు ముందే ఒక శనివారం ఊరికి పోయి నాయినకు చెప్పాను. అది మంచిది కాదు నాయినా, ముక్కుకు ఏదన్నా కట్టుకుని దిగు అన్నాను.

"కట్టుకుంటె లోపట ఊపిరాడది బిడ్డ. ఎన్ని దినాలు జేస్త, రెండేండ్లు. నువ్వు బయటపడ్డంక నేను బయటపడ్తా."

ఆ మాటకు నేను దిగొద్దు అనాలి. నేను చదువు మానేస్తాను, నువ్వు దిగకు అనాలి. మా ఇంట్లో ఆ సీసాలో ఏముందో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. కానీ నా బ్యాగులో పరీక్ష ఫీజు కాగితం ఉంది. పొద్దున బస్సెక్కే ముందు అది తీసి ఆయన చేతికిచ్చాను. ఎందుకిచ్చావంటే ఒకటే జవాబు. నాకు ఆ చదువు కావాలి. ఆయన ఊపిరి కన్నా ఎక్కువ కావాలని ఆనాడు అనుకోలేదు, చేసింది మాత్రం అదే.

నాలుగో ఏడు, పరీక్షలు నెల రోజులున్నాయనగా, నాయిన తాడు గుంజలేదు. పట్టపగలు, అన్నాల వేళకు ముందు. పైన కూర్చున్నవాడు కాసేపు చూశాడు, పేరు పెట్టి పిలిచాడు, తానే తాడు లాగాడు. బరువుగా వచ్చింది. నలుగురు పట్టి పైకి లాగారు. రంధ్రం దగ్గర భుజం ఇరుక్కుంటే చొక్కా చిరిగిందట. పటాన్‌చెరులో ఆసుపత్రిలో చేర్చారు. నాకు కబురు వచ్చి నేను వచ్చేసరికి మూతికి ఆక్సిజన్ పెట్టి ఉంది. అమ్మ మంచం కాళ్ల దగ్గర కూర్చుని చిరిగిన ఖాకీ చొక్కా ఒళ్లో పెట్టుకుని ఉంది. నన్ను చూసి నాయిన ఆక్సిజన్ పక్కకు జరిపి, పరీక్షలు ఎప్పుడని అడిగాడు. నర్సు తిట్టి మళ్లీ పెట్టింది.

బతికాడు. బతికాడన్న మాటేగానీ, ఊపిరి మళ్లీ నిండుగా రాలేదు. కంపెనీవాళ్లు వచ్చి, మనిషి బలహీనంగా ఉండి పడిపోయాడని, తన ఇష్టంతోనే పని మానుకుంటున్నాడని కాగితం రాసి తెచ్చారు. సంతకం చేస్తే కొంత మొత్తం ఇస్తామన్నారు. నాయిన దాన్ని చదవమని నాకిచ్చాడు. చదివాను. ఇది నిజం కాదు, సంతకం పెట్టకు అని చెప్పాల్సింది నేను. ఆ డబ్బు ఎంతో ఆ గదిలో అందరికీ తెలుసు, నా ఆఖరి ఫీజు ఎంతో కూడా తెలుసు. నేను నోరు మెదపలేదు. నాయిన సంతకం పెట్టాడు. పది రోజులకు నేను కాలేజీ కౌంటర్లో ఫీజు కట్టాను, రసీదు మీద ముద్ర వేసి ఇచ్చారు.

ఆ తరువాత ఆయన ఆరేళ్లు బతికాడు. వీధి మలుపు దాకా నడవడానికి రెండుసార్లు కూర్చునేవాడు. మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుని, ఎక్కడ ఆపాడో మరిచిపోయేవాడు. నేను ఎం.ఫార్మసీ స్టైపెండుతో చదివి, ఈ కాలేజీలో చేరాను. నేను ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు పోయాడు. లోపలి డ్యూటీ వంతులు మళ్లీ అందరికీ పోయాయని, అందరూ అంటే కొత్తగా వచ్చిన బీహారు పిల్లలకు పోయాయని, తరువాతెప్పుడో విన్నాను.

ఇదీ కుటుంబం వాటా. దీన్ని శాతంలోకి మార్చడం నాకు రాలేదు.

ఆదివారం పొద్దున మళ్లీ ఫారం ముందేసుకుని కూర్చున్నాను. అమ్మ ఎదురుగా చాటలో బియ్యం చెరుగుతోంది. వారం రోజులనుంచి గా కాయిదం ముందు కూసొని ఏం జేస్తున్నవని అడిగింది. పిల్లల చదువులకు డబ్బు ఎవరు పెట్టాలో రాయమన్నారని చెప్పాను. మన ఇంట్ల ఎవలు పెట్టిండ్రో గదే రాయి, గందుల సోచాయించేదేముంది అంది. అమ్మ అంత తేలిగ్గా అనేసరికి నాలో ఏదో తెగింది. పదిహేనేళ్లు దాచిన మాట బయటికి వచ్చేసింది. కంపెనీ గుమాస్తా అడిగింది, నేను అంతా రాయండి అన్నది, స్కాలర్‌షిప్ పోయింది అందువల్లే అన్నది, నాయిన అన్ని వంతులు దిగింది నా వల్లే అన్నది, మొత్తం చెప్పేశాను. చెబుతూ ఏడ్చాను.

అమ్మ చాట ఆపలేదు. రాళ్లు ఏరి పక్కన పెట్టి, అప్పుడు అంది.

"మీ నాయినకు ఎర్కనే."

నాకు అర్థం కాలేదు.

"గా దినమే గుమాస్తా పిలిసి చెప్పిండంట. నీ బిడ్డ ఎక్స్‌ట్రా కలిపి రాయించుకొని పోయింది, పైసలు రావు, రేపు తోలియ్యి, ఇంకోటి రాసిస్త అని. మీ నాయిన వద్దన్నడు."

"వద్దన్నాడా? ఎందుకు?"

అమ్మ చాట కింద పెట్టింది. ఆయన మాటలు ఆయన చెప్పినట్టే చెప్పడానికి గుర్తు చేసుకుంటోందని తెలుస్తోంది.

"ఇన్నేండ్ల సంది దిగుతున్న, గా పని చేస్తున్ననని ఒక్కడన్న కాయిదం మీద రాసిండా, నా బిడ్డ రాయించింది, ఉండనీ అన్నడు. నేను లొల్లి జేసిన. పైసలు పోతయి గదా, పిల్లకు చెప్పు అన్న. చెప్తె అది మల్ల పోయి కూలి అని రాయించుకొస్తది, వద్దు అన్నడు. నీకు చెప్పద్దని ఒట్టు ఏయించుకున్నడు."

లేచి లోపలికి పోయింది. ట్రంకు పెట్టె అడుగునుంచి రేషన్ కార్డు పెట్టుకునే ప్లాస్టిక్ కవరు తెచ్చి, కార్డు కిందనుంచి ఒక కాగితం తీసింది. అదే సర్టిఫికెట్. గుమాస్తా చేత ఇంకో కాపీ తీయించుకున్నాడట. మడతల దగ్గర బట్టలాగా మెత్తబడిపోయింది. చదవడం సరిగా రాకపోయినా అప్పుడప్పుడు తీసి చూసుకునేవాడని అమ్మ చెప్పింది. పైన కంపెనీ పేరు, ఆయన పేరు, జీతం. దాని కింద ఒక వరసలో, రియాక్టర్ లోపలికి దిగి శుభ్రం చేయు పనికి అదనంగా అని రాసి ఉంది. ఆ కాగితం ఆయనదే. గుమాస్తా టైపు చేస్తుంటే ఎదురుగా నిటారుగా కూర్చున్నది నేను.

నాకు ముందు కోపం వచ్చింది, దుఃఖం తరువాత వచ్చింది. ఒక్క పూట నన్ను వెనక్కి పంపి ఉంటే ఆ ముగ్గురి వంతులు తీసుకునేవాడు కాదు. ఆ రెండున్నరేళ్లూ తక్కువసార్లు దిగేవాడు. ఒక కాగితం ముక్క కోసం, ఎవడూ చదవని ఒక్క వరస కోసం! నోటీసు బోర్డు ముందు నేను పడ్డ సిగ్గు ఆయనకూ ఉందని నాకెప్పుడూ తట్టలేదు. ఒకే ఇంట్లో ఉండి, ఒకరికి తెలియకుండా ఒకరం, కూలీ అన్న మాటను భరించలేక ఇంత చేసుకున్నాం. ఆ తప్పులో కూడా ఆయన వాటాయే ఎక్కువని, అది నాకు చెప్పకుండా పోయాడని అమ్మ మీద అరిచాను. అమ్మ బియ్యం కడగడానికి పోయింది.

మధ్యాహ్నం సంగారెడ్డి బస్టాండు పక్కన ఆ కాగితాన్ని జిరాక్స్ తీయించాను. ఫారంలో నాలుగు గడులూ ఖాళీగా ఉంచాను. రెండో పేజీలో ఒక్క వాక్యం రాశాను: మా కుటుంబం పెట్టిన వాటా వివరాలు జతచేసిన పత్రంలో ఉన్నాయి. ఆధారాలుంటే జతచేయమన్నారు కాబట్టి జిరాక్స్ పిన్ను కొట్టి ఇచ్చాను.

గురువారం తిరిగి వచ్చింది. పైన ఎర్ర సిరాతో రాసి ఉంది. శాతాలు వేయలేదు. జతచేసిన పత్రం విషయానికి సంబంధించినది కాదు, తొలగించి ఇవ్వగలరు. జిరాక్స్‌ను విడిగా క్లిప్పు పెట్టి పంపారు. కమిటీ రిపోర్టు సాయంత్రానికల్లా పోవాలని అటెండరు నా బల్ల దగ్గరే నిలబడ్డాడు. పక్కనే కిష్టారెడ్డిపేట ఆయన కూర్చుని ఉన్నాడు. ఎంత వేశారని అడిగాను, చెప్పాడు. మూడు గడులు ఎలాగోలా నింపి, నాలుగోదాంట్లో నేనూ అదే అంకె వేసి ఇచ్చాను.

ఇంటికి పోయేసరికి అమ్మ గడపలో కూర్చుని ఉంది. చెప్పులు విప్పకముందే అడిగింది.

"సార్లు సూసిండ్రా బిడ్డ, మీ నాయిన కాయిదం?"

"సూసిండ్రమ్మా. అంత సదివిండ్రు."

అమ్మ తల ఊపి లేచింది. లోపలికి పోయి, బల్ల మీదున్న అసలు కాగితాన్ని మళ్లీ రేషన్ కార్డు కింద పెట్టింది.